హైదరాబాద్ బ్రూవరీకి హాప్స్: జర్మనీవా, అమెరికావా, లేక మన పొలంలోవా?

కొత్తగా మైక్రోబ్రూవరీ (అక్కడికక్కడే బీరు కాచి అమ్మే చోటు) పెట్టేవాళ్లు మొదట అడిగేది "బీరుకు చేదు, వాసన ఇచ్చే హాప్స్‌లో ఏవి మంచివి?" అని. అలా అడిగితే జవాబు ఉండదు. ఏ బీరులో వేస్తారు, ఏడాదికి ఎన్ని కిలోలు కావాలి, ఏ నెలలో తెప్పిస్తారు, వచ్చాక ఎక్కడ పెడతారు? ఈ నాలుగూ తెలిస్తే జవాబు దానంతటదే వస్తుంది. 2015లో తెలంగాణలో మైక్రోబ్రూవరీ నిబంధనలు వచ్చాక జూబ్లీహిల్స్, గచ్చిబౌలి, కొండాపూర్ వైపు చాలానే వెలిశాయి. చాలా చోట్ల మెనూ ఒకేలా ఉంటుంది: ఒక గోధుమ బీరు, ఒక లాగర్, ఒక ఐపీఏ (ఇండియా పేల్ ఏల్, హాప్స్ దండిగా వేసే బీరు), అప్పుడప్పుడు ఒక నల్ల బీరు. ఈ సలహా అలాంటి బ్రూవరీ కోసం. చివర్లో చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు భూమి ఉండి "మనమే పండిస్తే పోలా?" అనుకునే వాళ్లకి కూడా కొంచెం చెబుతాను.

ముందు సరుకు సంగతి. హాప్స్ అంటే పందిరి మీదికి పాకే తీగకు కాసే పువ్వులు. గంజాయి కుటుంబం మొక్కే గానీ మత్తు ఉండదు. ఆడ మొక్కల పువ్వులే కావాలి. ఆ పువ్వు రేకుల మొదట్లో పసుప్పచ్చటి పొడి ఉంటుంది, దాన్ని లూపులిన్ అంటారు. డబ్బంతా దానికే. అందులో ఆల్ఫా ఆమ్లాలు చేదునిస్తాయి, నూనెలు వాసననిస్తాయి. చేదు రావాలంటే గంటసేపు మరిగించాలి. వాసన మరిగిస్తే ఆవిరైపోతుంది, కాబట్టి ఆ హాప్స్‌ను చివర్లోనో, బీరు పులిసిన తర్వాత ట్యాంకులోనో వేస్తారు. అంటే ఒకే మొక్క నుంచి మనం కొనేవి రెండు వేర్వేరు సరుకులు. చేదును ఆల్ఫా లెక్కన కొనాలి, వాసనను పంట సంవత్సరం చూసి కొనాలి. నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే. మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే.

చేదు లెక్క కాగితం మీద వేసి చూడండి. వెయ్యి లీటర్ల లాగర్‌కి 20 ఐబీయూల చేదు కావాలి (ఐబీయూ చేదుకు కొలత, సుమారుగా లీటరు బీరులోకి దిగిన ఒక మిల్లీగ్రాము ఆల్ఫా). మరిగించినప్పుడు ఆల్ఫాలో 30 శాతం బీరులోకి దిగుతుందనుకుందాం. 12 శాతం ఆల్ఫా ఉన్న మాగ్నమ్ అనే రకం వాడితే సుమారు 555 గ్రాములు చాలు. అదే చేదును 3.5 శాతం ఆల్ఫా ఉన్న పాత చెక్ రకం సాజ్‌తో తేవాలంటే 1.9 కిలోలు కావాలి. కిలో ధర ఒకటే అనుకున్నా ఖర్చు మూడున్నర రెట్లు. గంటసేపు మరిగాక సాజ్ వాసన ఎలాగూ మిగలదు. సంప్రదాయం పేరుతో మొత్తం సాజే వేయాలనుకునే వాళ్లతో నాకు పేచీ లేదు, కానీ ఆ డబ్బు గ్లాసులోకి రాదు. చేదుకు మాగ్నమ్ గానీ హెర్కులెస్ గానీ తీసుకోండి. రెండూ జర్మన్ రకాలే, రుచి శుభ్రంగా ఉంటుంది. సరఫరాదారుల కొటేషన్లను పోల్చేటప్పుడు కిలో ధర చూడకండి, కిలో ఆల్ఫా ధర చూడండి. 100 కిలోల సరుకులో 12 శాతం ఆల్ఫా అంటే 12 కిలోల ఆల్ఫా. మొత్తం ధరను 12తో భాగిస్తే సరి. ప్యాకెట్ మీద రకం సగటు ఆల్ఫా కాకుండా ఆ లాట్‌కు పరీక్ష చేసి వచ్చిన అంకె ఉండాలి. ఒకే రకం ఒక ఏడాది 11, ఇంకో ఏడాది 14 ఇస్తుంది.

ఇప్పుడు ఏడాది మొత్తానికి అంచనా వేద్దాం. వెయ్యి లీటర్ల ట్యాంకులతో ఏడాదికి 150 బ్యాచ్‌లు చేసే బ్రూవరీ అనుకోండి. వాటిలో 90 గోధుమ బీరు, 40 లాగర్, 20 ఐపీఏ. గోధుమ బీరుకు 12 ఐబీయూ చాలు. అందులో అరటిపండు, లవంగం వాసనలు ఈస్ట్ నుంచి వస్తాయి, హాప్స్‌కు పెద్ద పాత్ర లేదు. ఒక్కో బ్యాచ్‌కి 333 గ్రాముల మాగ్నమ్, మొత్తం 30 కిలోలు. లాగర్ చేదుకు 22 కిలోలు, వాసనకు లీటరుకు ఒక గ్రాము చొప్పున 40 కిలోలు. ఐపీఏ చేదుకు 17 కిలోలు పోతాయి. దాని వాసనకు లీటరుకు 10 గ్రాములు వేస్తే 200 కిలోలు. ఆ 20 బ్యాచ్‌లే మొత్తం హాప్స్‌లో మూడింట రెండొంతులు తినేస్తాయి! అందుకే హాప్స్ బడ్జెట్ తగ్గించాలని గోధుమ బీరు రెసిపీతో కుస్తీ పట్టేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది. చూడాల్సింది ఐపీఏ వైపు.

ఒక మాట. హైదరాబాద్‌లో బీరు పక్కన వచ్చేది చిల్లీ చికెన్, అపోలో ఫిష్, బిర్యానీ. చేదు ఎక్కువైన బీరు కారాన్ని మరింత మండిస్తుంది. అరవై డెబ్బై ఐబీయూల అమెరికన్ తరహా ఐపీఏ ఇక్కడ రెండో గ్లాసుకి వెళ్లడం కష్టం. చేదు 30 దగ్గర ఆపి వాసన పెంచిన ఐపీఏనే ఇక్కడ నడుస్తుందని నా నమ్మకం. పై లెక్కలో కూడా అలాగే వేశాను.

ఇక ఏ దేశానివి కొనాలన్నది. ప్రపంచంలో పండే హాప్స్‌లో సుమారు నాలుగింట మూడొంతులు జర్మనీ, అమెరికాలవే. కొన్నేళ్లు అమెరికా ముందుండేది, 2024 పంటలో జర్మనీ మళ్లీ మొదటి స్థానానికి వచ్చింది. బవేరియాలోని హాలర్‌టావ్ ఒకేచోట ఉన్న హాప్స్ సాగు ప్రాంతాలన్నిటిలో పెద్దది. అమెరికాలో ఎక్కువ భాగం వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయలో పండుతుంది. అక్కడ వానలు తక్కువ, కాలువ నీటి సాగు. చెక్ దేశంలోని జాటెట్స్ ప్రాంతం సాజ్ రకానికి పుట్టిల్లు. అక్కడి హాప్స్ తోటలు, పాత గిడ్డంగులు 2023లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి.

లాగర్ వాసనకు సాజ్, హాలర్‌టావ్ మిట్టెల్‌ఫ్రూ రెండూ మేటివే. సాజ్‌లో మట్టి, మూలికల వాసన కాస్త ముందుంటుంది, మిట్టెల్‌ఫ్రూ పూల వైపు మెత్తగా ఉంటుంది. రెండింటి మధ్య నేనైతే ఆ ఏడాది పంట చూసి తీసుకుంటాను. ఈ పాత రకాలకు ఎండ దెబ్బ ఎక్కువ. 2022 కరువులో జర్మనీ పంట అంతకుముందు ఏడాదితో పోలిస్తే నాలుగో వంతుకు పైగా పడిపోయింది, చెక్ పంట ఇంకా ఘోరంగా దెబ్బతింది. అలాంటి ఏడాది సాజ్ ధర పెరుగుతుంది, ఆల్ఫా తగ్గుతుంది. అప్పుడు రెసిపీలో పెర్లే లాంటి రకానికి చోటు ఇవ్వగలిగేలా ముందే ఒకటి రెండు బ్యాచ్‌లు చేసి పెట్టుకోవాలి.

ఐపీఏకి వస్తే అందరూ సిట్రా, మొజాయిక్, సిమ్‌కో అంటారు. మామిడి, నారింజ, గ్రేప్‌ఫ్రూట్ (పంపర పనస లాంటి పండు) వాసనలు. బాగుంటాయి, కాదనను. కానీ ఇవి యాజమాన్య హక్కులున్న రకాలు. ఎవరు పండించాలి, ఎన్ని ఎకరాలు వేయాలి అన్నది హక్కుదారులు నిర్ణయిస్తారు, ధర కూడా అటే ఉంటుంది. కాస్కేడ్, సెంటెనియల్, చినూక్ అలా కాదు. కాస్కేడ్ 1972లో ప్రభుత్వ పరిశోధన నుంచి బయటికి వచ్చిన రకం, ఎవరైనా నాటుకోవచ్చు. ఇప్పుడు చాలా దేశాల్లో పండుతోంది. సిట్రాతో పోలిస్తే చవక. మొదటి ఏడాది బ్రూవరీకి నా సలహా: ఐపీఏ వాసనలో సగానికి పైగా కాస్కేడ్, సెంటెనియల్ వేయండి, పైన సిట్రా. తాగేవాడికి మామిడి వాసన తెలుస్తుంది, మీకు బిల్లు తగ్గుతుంది. వంద శాతం సిట్రాతో మొదలుపెడితే తర్వాత తగ్గించినప్పుడు రోజూ వచ్చే కస్టమర్ కనిపెట్టేస్తాడు.

న్యూజిలాండ్ నెల్సన్ సావిన్, ఆస్ట్రేలియా గెలాక్సీ రుచిలో ప్రత్యేకం. అయితే వాటి కోత ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు. పువ్వులను పొడిచేసి గుళికలుగా నొక్కిన పెల్లెట్లు తయారై ఓడెక్కి మన దగ్గరికి వచ్చేసరికి ఎండాకాలమో వానాకాలమో. ఉత్తరార్ధగోళంలో కోత ఆగస్టు, సెప్టెంబర్. ఆ సరుకు డిసెంబర్, ఫిబ్రవరి మధ్య ముంబై రేవుకో చెన్నై రేవుకో చేరేలా చూసుకోవచ్చు. అప్పుడు లారీలో రెండు రోజులు వచ్చినా భయం లేదు. మే నెలలో అదే లారీ షోలాపూర్ దగ్గర ఆగితే మీ సిట్రా లోపల ఉడికిపోతుంది. కాబట్టి న్యూజిలాండ్ రకాలు ఏడాదికి ఒక ప్రత్యేక బీరుకి, అవీ విమానంలో శంషాబాద్‌కు కొద్దిగా తెప్పించుకోండి చాలు. రోజువారీ రెసిపీ వాటి మీద కట్టకండి. ఇంగ్లండ్ రకాలు, స్లొవేనియా రకాలు మంచివే గానీ ఇక్కడి మెనూకి అంత పని లేదు.

ఇప్పుడు అసలు చిక్కు, కాంట్రాక్టా (ధర, పరిమాణం ముందే రాసుకోవడం), స్పాట్ కొనుగోలా (కావాల్సినప్పుడు అప్పటి ధరకు కొనడం) అన్నది. గుంటూరు మిర్చి యార్డు సంగతి తెలిసినవాళ్లకి హాప్స్ మార్కెట్ ఇట్టే అర్థమవుతుంది. కొత్త పంట ధర ఒకటి, కోల్డ్ స్టోరేజ్‌లోని ఏసీ సరుకు ధర ఇంకొకటి. గిడ్డంగుల్లో పాత నిల్వ పెరిగితే కొత్త పంట ధరా దిగుతుంది, రైతు మరుసటి ఏడాది వేరే పంటకు పోతాడు, అప్పుడు కొరత వస్తుంది. తేడా ఏమిటంటే హాప్స్ తీగ బహువార్షికం. పందిరి వేసి నాటితే పూర్తి దిగుబడికి రెండు మూడేళ్లు పడుతుంది. అందుకే మార్కెట్ తిరగడానికి మిర్చి కన్నా ఎక్కువ కాలం పడుతుంది, తిరిగిందంటే గట్టిగా తిరుగుతుంది. 2007, 2008లో అదే జరిగింది. అంతకుముందు ఏళ్ల తరబడి నిల్వలు పేరుకుని, ధరలు లేక, రైతులు తోటలు తీసేశారు. 2006 అక్టోబర్‌లో యాకిమాలో ఒక గిడ్డంగి కాలిపోయింది. దానికి తోడు ఐరోపాలో పంటలు బాగా రాలేదు. ధరలు ఒక్కసారిగా ఆకాశానికి వెళ్లాయి, చిన్న బ్రూవరీలకు డబ్బిస్తామన్నా సరుకు దొరకలేదు. ఆ భయంతో తర్వాతి పదేళ్లలో అందరూ పొడవాటి కాంట్రాక్టులు రాసుకున్నారు. ఆపైన అమెరికాలో చిన్న బ్రూవరీల క్రాఫ్ట్ బీరు అమ్మకాల జోరు తగ్గింది. రాసుకున్న సరుకు తీసుకోలేక, వదలలేక బ్రూవరీలు ఇరుక్కున్నాయి. 2021లో 60 వేల ఎకరాల దాకా ఉన్న అమెరికా హాప్స్ సాగు 2024 నాటికి 45 వేల ఎకరాలకు దిగింది.

దీన్ని బట్టి మన నిర్ణయం ఏమిటి? ఐపీఏ ఎంత అమ్ముడవుతుందో తెలియని మొదటి ఏడాదిలో వాసన రకాలకు కాంట్రాక్ట్ రాయకండి. ఎంత తగ్గింపు ఇస్తామన్నా సరే. నిల్వలు ఎక్కువగా ఉన్న కాలంలో స్పాట్‌లో కొనేవాడిదే పైచేయి. చేదు రకం సంగతి వేరు. మీ మాగ్నమ్ అవసరం ఏడాదికి 69 కిలోలు, అది పెద్దగా మారదు. దానికి ఏడాది కాంట్రాక్ట్ రాసుకుంటే పోయేదేమీ లేదు, టెన్షన్ తగ్గుతుంది. సాజ్ లాంటి ఒడుదుడుకుల రకం మీ ప్రధాన లాగర్‌కు ప్రాణమైతే, అవసరంలో సగం కాంట్రాక్టులో, సగం స్పాట్‌లో పెట్టుకోండి. రెండో ఏడాది అమ్మకాల లెక్క చేతికొచ్చాక ఐపీఏ రకాల గురించి మాట్లాడొచ్చు. మూడేళ్ల కాంట్రాక్ట్ కాగితం ఎవరైనా ముందుపెడితే, తీసుకోని సరుకుకు ఏం కట్టాలో రాసిన పేరా మొదట చదవండి.

నేరుగా దిగుమతి చేసుకోవడమా, బెంగళూరు, ముంబై దిగుమతిదారుల దగ్గర కొనడమా? ఏడాదికి 300 కిలోలు వాడే బ్రూవరీకి సొంత దిగుమతి శుద్ధ దండగ. హాప్స్ పెల్లెట్లు సాధారణంగా 5 కిలోల ఫాయిల్ ప్యాకెట్లు, 20 కిలోల అట్టపెట్టెలుగా వస్తాయి. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం, ఆహార భద్రతా సంస్థ క్లియరెన్స్, కస్టమ్స్ సుంకం, ఏజెంటు ఖర్చు, రేవులో ఆలస్యమైతే అద్దె అన్నీ కలిపితే విదేశీ ఇన్‌వాయిస్ ధరకీ గేటు దగ్గర పడే ధరకీ పొంతన ఉండదు. రెండు మూడు బ్రూవరీలు కలిసి ఒకేసారి తెప్పించుకుంటే మాత్రం ఆలోచించొచ్చు. ఒక్కరే అయితే దేశంలోని దిగుమతిదారుకి కొంత లాభం ఇచ్చి, అతని కోల్డ్ స్టోరేజ్‌ను మీ గిడ్డంగిలా వాడుకోండి.

ఏ రూపంలో కొనాలన్నది పెద్ద చర్చ కాదు. ఎండబెట్టిన మొత్తం పువ్వులు చోటు తింటాయి, త్వరగా పాడవుతాయి, వద్దు. వంద కిలోల పువ్వుల నుంచి 90 కిలోలు వచ్చే టీ-90 పెల్లెట్లు మీకు సరిపోతాయి. లూపులిన్‌ను వేరుచేసి చేసే క్రయో పెల్లెట్లు దాదాపు సగం బరువుతో అదే వాసన ఇస్తాయి. ఆకు తక్కువ కాబట్టి ట్యాంకు అడుగున బీరు నష్టమూ తగ్గుతుంది. ధర ఎక్కువే, కానీ విమానం ఖర్చు బరువును బట్టి కదా! ఐపీఏకి ఒకసారి రెండు రకాలుగా చేసి, చేతికొచ్చిన లీటర్లతో భాగించి చూసుకోండి. కార్బన్ డయాక్సైడ్‌తో తీసిన సారం డబ్బాల్లో ఏళ్ల తరబడి నిలుస్తుంది. సంగారెడ్డి వైపు ఉన్న పెద్ద ఫ్యాక్టరీల లాంటి వాటికి అది బాగుంటుంది, మీకు 69 కిలోల చేదు కోసం అంత అవసరం లేదు.

ఇక పొలం ప్రశ్న. సూటిగా చెప్పాలంటే వద్దు. ద్రాక్ష పండలేదా, హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఎ-షాహి పందిళ్లు ఎన్ని ఉండేవి అని అడుగుతారు. నిజమే, ద్రాక్షకు చలికాలపు నిద్ర లేకపోయినా కత్తిరింపులతో కాపు రప్పించారు. హాప్స్‌కు కావాల్సింది పగటి పొడవు. ఈ మొక్క సుమారు 35 నుంచి 55 డిగ్రీల అక్షాంశాల మధ్య బాగా పండుతుంది. జూన్‌లో యాకిమా, హాలర్‌టావ్‌లలో పగలు దాదాపు 16 గంటలు. 17 డిగ్రీల దగ్గరున్న మన హైదరాబాద్‌లో ఎంత పొడవైన పగలైనా 13 గంటల పైన కొద్ది నిమిషాలే. పగలు పొడవుగా ఉన్నంత కాలం తీగ ఎదుగుతుంది, తగ్గాక పూస్తుంది. మన దగ్గర అది మొలిచిన దగ్గర్నుంచీ తక్కువ పగలే చూస్తుంది కాబట్టి, ఆరేడు మీటర్లు పాకాల్సిన తీగ ఎదగకముందే నాలుగు పువ్వులు పూసి ఆగిపోతుంది. దానికి తోడు చలికాలంలో కొన్ని వారాలు గట్టి చలి కావాలి. మన ఎండలకు ఎర్రనల్లి ఎలాగూ వచ్చి కూర్చుంటుంది.

దీపాలు పెట్టి పగలు పొడిగించొచ్చు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం అలా ప్రయోగాలు చేసింది, దక్షిణాఫ్రికాలో ముందు దీపాలు వాడి తర్వాత తక్కువ పగటికి తట్టుకునే రకాలను తయారు చేసుకున్నారు. కానీ అది పరిశోధన సంస్థలు, పెద్ద కంపెనీలు చేయగలిగిన పని. పందిరి, దీపాలు, కోత యంత్రం, 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టే గది, పెల్లెట్ మిషన్ అన్నీ పెట్టి, చివరికి పాత నిల్వలతో చవగ్గా దొరుకుతున్న అమెరికా కాస్కేడ్‌తో పోటీ పడాలి. మన దేశంలోనే హిమాచల్‌లోని లాహౌల్ లోయలో, మంచు పడే ఎత్తులో, ఒకప్పుడు హాప్స్ బాగా వేసేవాళ్లు. అనువైన వాతావరణం ఉండి కూడా దిగుమతి సరుకు ధర ముందు వాళ్లే నిలవలేకపోయారు. చేవెళ్లలో ఎకరం ఉంటే కూరగాయలు వేసి, మీ బ్రూవరీ కిచెన్‌కే అమ్ముకోండి.

మిగిలింది నిల్వ. డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. ఉష్ణోగ్రత 15 డిగ్రీలు పెరిగినప్పుడల్లా హాప్స్ పాడయ్యే వేగం సుమారు రెట్టింపవుతుందని బ్రూవర్లు లెక్క వేస్తారు. మైనస్ 18లో ఉన్న డీప్ ఫ్రీజర్‌కీ, 42 డిగ్రీల స్టోర్ రూమ్‌కీ మధ్య తేడా 60 డిగ్రీలు. అంటే నాలుగు రెట్టింపులు, 16 రెట్ల వేగం. వంటగది ఫ్రీజర్‌లో చికెన్ పక్కన పెట్టకండి, రోజంతా తలుపు తెరుస్తూనే ఉంటారు. విడిగా ఒక ఛెస్ట్ ఫ్రీజర్ కొనండి. కరెంటు పోతే జనరేటర్ లైనులో అది కూడా ఉండాలి. రెండు వందల కిలోల సిట్రా, కాస్కేడ్ ఖరీదు ముందు ఫ్రీజర్ ధర ఒక లెక్కా?

సరుకు దిగినప్పుడు ప్యాకెట్ చేత్తో పట్టుకుని చూడండి. ఇటుకలా గట్టిగా ఉండాలి, లేదా నైట్రోజన్ నింపిన రకమైతే ఉబ్బి బిగువుగా ఉండాలి. వదులుగా మెత్తగా ఉంటే గాలి చేరినట్టే. పంట సంవత్సరం, లాట్ నంబర్, పరీక్షించిన ఆల్ఫా మూడూ లేబుల్ మీద లేకపోతే దించుకోకండి. ప్రతి లాట్ నుంచి ఒక ప్యాకెట్ తెరిచి నాలుగు పెల్లెట్లు అరచేతిలో నలిపి వాసన చూడండి. లోపల పచ్చగా, వాసన చురుగ్గా ఉంటే సరే. గోధుమ రంగుకి తిరిగి, పాత చీజ్ వాసనో చెమట కంపో వస్తే ఆ లాట్ వేడిలో నలిగింది. బెల్జియంలో లాంబిక్ బీరు చేసేవాళ్లు కావాలనే ఏళ్ల తరబడి పాతబెట్టిన హాప్స్ వాడతారు. మీరు చేసేది లాంబిక్ కాదు కాబట్టి, డ్రైవర్ కాగితం మీద సంతకం పెట్టకముందే పెట్టెను వెనక్కి ఎక్కించండి.